కోతుల సారు

పోయిన నెల జగిత్యాల బస్టాండులో ధర్మపురి బస్సు కోసం నిలబడి ఉన్నాను. షెడ్డు మీద నుంచి ఒక కోతి దిగింది. దానికి తొందరేమీ లేదు. నా దగ్గరికి వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి, గుడి దగ్గర పంచమని మా ఇంటామె ఇచ్చిన అరటిపండ్ల కవరు తీసుకుంది. నా ముఖంలోకి ఒకసారి చూసి మళ్లీ షెడ్డెక్కింది. నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. కర్ర కోసం వెతకాల్సిన వాణ్ణి, తలెత్తి "ఎంత పాలోళ్లమైతె మాత్రం ఒక్క మాట అడిగి తీస్కోవద్దా?" అన్నాను. పక్కనున్నాయన నన్ను ఎగాదిగా చూసి రెండడుగులు దూరం జరిగాడు.

ఆ మాట నాది కాదు, మా కోతుల సారుది. పాలోళ్లంటే మా దిక్కు దాయాదులు, ఒకే ఇంటిపేరు వాళ్లు. చస్తే మైల పట్టేవాళ్లు, బతికుంటే పొలం గెట్టు దగ్గర తగాదా పడేవాళ్లు. సారు పోయి ఏడాది దాటింది. ఆయన పోయినప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయి గానీ, ఆ తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వే వస్తుంది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో ఒక ఊరు. ఆ ఊరి జిల్లా పరిషత్తు హైస్కూల్లో నేను తెలుగు పండితుణ్ణి, ఆయన జీవశాస్త్రం సారు. ఆయన మొదటిసారి బడికి వచ్చిన రోజు నా పేరు అడగలేదు. నా చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టుకుని నలిపి చూసి, "మా సిరిసిల్ల గుడ్డనే ఇది. మంచిగుంటది, నాలుగేండ్లు చూస్కోవద్దు," అన్నాడు. నిజానికి ఆ చొక్కాని నేను పెద్ద కంపెనీదని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. అక్కడే మా స్నేహం చెడాల్సింది, ఎందుకో చెడలేదు.

ఆయనకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. పుట్టి పెరిగింది సిరిసిల్లలో, మరమగ్గాల నడుమ. ఒకసారి వాళ్లింటికి తీసుకుపోయాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ మగ్గాల చప్పుడుకు నా మాట నాకే వినబడలేదు. వాళ్ల తమ్ముడు మగ్గం దగ్గర నుంచే చేతిని నోటి దగ్గరికి తీసుకుపోయి 'తిన్నరా?' అని సైగ చేశాడు. వాళ్ల అమ్మ నా చెవిలో అరిచింది. ఆ ఇంట్లో రహస్యమనేదే ఉండదని అర్థమైంది. అలాంటి గొంతుతో ఆయన పదో తరగతికి పాఠం చెబుతుంటే, గోడ అవతల తొమ్మిదో తరగతికి నేను పద్యం చెప్పాలి. నాలుగేళ్లు ఆయన పాఠాలన్నీ నేను ఇష్టం లేకుండానే విన్నాను. గుండెకు ఎన్ని గదులో, మొక్క ఎలా ఊపిరి పీలుస్తుందో ఇప్పుడు నన్నడిగినా చెబుతాను. మా తొమ్మిదో తరగతి పిల్లలైతే పదో తరగతికి పోకముందే సగం జీవశాస్త్రం నేర్చేశారు.

ఆయన చెయ్యి మరో వింత. పిల్లలు ఏదైనా అడిగితే, తెలియకపోతే, "మంచి ప్రశ్న. నాకు తెల్వది. రేపు చెప్త," అనేవాడు. వెంటనే జేబులోని పెన్ను తీసి ఎడమ అరచేతిలో ఆ ప్రశ్న రాసుకునేవాడు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చూస్తే ఆ చెయ్యి నిండా నీలం అక్షరాలు. 'బల్లి తోక', 'ఒంటె మూపురం', 'ఏడిస్తే ముక్కు ఎందుకు కారుతది'. మరునాడు జవాబుతో వచ్చేవాడు. "తెల్వదంటె పిల్లలు లెక్కచేస్తరా సార్?" అని నేనోసారి అన్నాను. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నాకు తెలియదని నేనెప్పుడూ పిల్లల ముందు ఒప్పుకోలేదు. "రేపు చెప్తన్న గద సార్," అన్నాడు. ఆయనకు నా ప్రశ్న అర్థమే కాలేదు.

భక్తి విషయంలో ఆయన ముందు నేను దిగదుడుపే. శనివారం ఒక్కపొద్దు. నెలకోసారి ధర్మపురి పోయి గోదావరిలో మునక వేస్తేగానీ మనసు కుదుట పడదు. కోరుట్ల నుంచి ఇద్దరం ఆయన స్కూటరు మీదే బడికి పోయేవాళ్లం. దారిలో హనుమండ్ల గుడి వస్తుంది. గుడి కనబడగానే ఆయన హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ జోడించి దండం పెట్టేవాడు. స్కూటరు తన దారిన తాను పోతుండేది. వెనక కూర్చున్న నేను నాకు తెలిసిన దేవుళ్లందరినీ పేరు పేరునా పిలిచేవాణ్ణి. ఆ రకంగా నాలుగేళ్లలో నా భక్తి కూడా బాగా పెరిగింది.

"ఇంత భక్తి ఉన్నది గద సార్, మరి క్లాసుల దేవుని పేరే తియ్యరేంది?" అని ఒకసారి గట్టిగా అడిగాను.

"దేవుడు నన్నెన్నడు సిలబస్ అడుగలే సార్. సర్కారు అడిగింది," అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ తనే అందుకున్నాడు. "మన జీతంల అందరి పైసలు ఉన్నయ్. గుడికి పోయేటోనియి, మసీదుకు పోయేటోనియి, చర్చికి పోయేటోనియి, యాడికీ పోనోనియి గూడ. నా దేవుడు నా ఇంట్ల ఉంటడు. బడి అందరిది సార్."

ఆ మాట నాకప్పుడు నచ్చలేదు. పురాణాలు చదువుకున్న వాణ్ణి. దేవుడి మాట పిల్లలకు చెబితే ఎవరి సొమ్ము పోతుందని నా వాదన.

కోతుల సారు అనే పేరు ఎలా వచ్చిందో చెప్పనేలేదు. పదో తరగతి పుస్తకంలో పరిణామం పాఠం ఉంటుంది. ఆ పాఠం వచ్చిన ప్రతి ఏడూ ఊళ్లో, 'మన తాతలు కోతులని చెప్తున్నడట' అని గుసగుసలు మొదలయ్యేవి. ఆయన తల పట్టుకునేవాడు. "తాతలు కావయ్యా, పాలోళ్లు! కోతికి, మనకు మొదట్ల ఒక్క అవ్వ. ఆమె పిల్లలు పాలు పంచుకొని చెరో దిక్కు పోయిర్రు. అందుకే కోతి మన ఇంట్ల జొరబడి మన కంచంల చెయ్యి పెడుతది. దాని లెక్కల దానికి హక్కున్నది!" గోడ అవతల నా పిల్లలు కూడా పకపకా నవ్వేవాళ్లు. నేను డస్టర్ బల్లకేసి కొట్టేవాణ్ణి.

ఇక బెంచీల పటేలు సంగతి. ఆయన మంచి మనిషే, ముందే చెబుతున్నాను. పన్నెండేళ్లు దుబాయిలో కష్టపడి వచ్చి, నేల మీద కూర్చుంటున్న పిల్లలను చూసి బడికంతా బెంచీలు చేయించాడు. తన చిన్న బిడ్డను కూడా కాన్వెంటుకు పంపకుండా మా బడిలోనే వేశాడు. బడి కమిటీలో ఆయన మాటకు ఎదురులేదు. ఒకరోజు హెడ్మాస్టరు మేడం గదికి వచ్చి, "బెంచీలు ఇచ్చింది పిల్లలు మంచిగ కూసొని మంచి మాటలు ఇంటరని. కోతుల ముచ్చట ఇనెతందుకు కాదు. సృష్టి ఎట్లయిందో, దేవుడు ఎట్ల చేసిండో చెప్పుండ్రి. గా పాఠం బంద్ చెయ్యుండ్రి," అన్నాడు.

మా మేడం ఎవరి మనసూ నొప్పించే మనిషి కాదు, అందుకే ఆమెకు రక్తపోటు. మధ్యే మార్గం కనిపెట్టింది. శనివారం ఆఖరి పీరియడ్ పదో తరగతికి సృష్టి కథ, చెప్పేది తెలుగు పండితుడు. కోతుల పాఠం మాత్రం, పరీక్షలో వస్తుంది కాబట్టి, 'చిన్నగా, గొంతు తగ్గించి' చెప్పుకోవచ్చు. చిన్నగా చెప్పడమనేది ఆయన వల్ల అయ్యే పనా! నేనైతే పొంగిపోయాను. కొత్త పంచె కట్టుకుని పోయాను ఆ శనివారం.

పావుగంటలో నా పరువు పోయింది. మొదట్లో అంతా నీళ్లే ఉండేవని ఎత్తుకున్నానో లేదో, వెనక బెంచీ నుంచి ఒక సాలోళ్ల పిల్లగాడు లేచాడు. "సార్, మా తాత వేరే చెప్పిండు. మా మూలపురుషుడు తామరతూడు నారతోటి బట్ట నేసేదాక దేవుండ్లకు గూడ బట్టల్లేవట." ఇంకో అమ్మాయి, "మా మూలపురుషుడైతె భూమి పుట్టకముందు ఆరు నెల్ల ముందే పుట్టిండు సార్," అంది. "భూమే లేకపోతె యాడ నిలవడ్డడే?" అని మరొకడు. ముందు బెంచీలో ఉన్న సాయిబుల పిల్ల మెల్లగా చెయ్యెత్తి, "మా దాదీ మట్టితోటి చేసిండని చెప్తది సార్. ఏది రాయాలె?" అని అడిగింది. ఎవరి ముత్తాత ముందు పుట్టాడనే దాని మీద క్లాసు రెండు ముక్కలైంది. నేను అరిచిన అరుపుకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి గానీ పిల్లలు తగ్గలేదు. చివరికి బెల్లే నన్ను కాపాడింది.

సాయంత్రం స్కూటరు మీద ఆయన భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వుతున్నాడని నాకు తెలుసు. "నవ్వుకోండి, నవ్వుకోండి," అన్నాను ఒళ్లు మండి.

"నవ్వుతలేను సార్. నా క్లాసుల ఏనాడు గంత చర్చ కాలే. గవ్వన్ని తెలుగు పీరియడ్ల రాయించుండ్రి. ఎవలింటి కథ ఆళ్లు. మస్తుంటది," అన్నాడు. "మీ దగ్గర అన్ని కథలకు జాగున్నది సార్. నా దగ్గర ఆధారం అడుగుతం, గంతే తేడా."

నేను రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత శనివారం కూడా పోయాను, పట్టుదల కొద్దీ. ఆ శనివారమే కోతి చచ్చిపోయింది.

బడి పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పొద్దున్నే ఒక ముసలి కోతి దాని మీదికి ఎక్కి, షాక్ కొట్టి కింద పడింది. మా దిక్కు కోతి చస్తే అలా వదిలేయరు. బతికున్నప్పుడు రాళ్లు విసిరినవాళ్లే చచ్చాక చేతులు జోడిస్తారు. కొత్త గుడ్డ కప్పారు, పసుపు కుంకుమ పెట్టారు. ట్రాక్టరు మీద పడుకోబెట్టి, డప్పులు, భజనలతో ఊరేగించి హనుమండ్ల గుడి వెనక పాతిపెట్టారు. పటేలు వాళ్ల అమ్మ, ఎనభై దాటిన మనిషి, దగ్గరుండి నీళ్లు పోసి కడిగింది. పిల్లలందరూ పోయి చూసి వచ్చారు.

ఆ మధ్యాహ్నం జీవశాస్త్రం పీరియడ్‌లో పటేలు బిడ్డ లేచి అడిగిన ప్రశ్న గోడ ఇవతల నాకూ వినబడింది. "సార్, కోతులు మన పాలోళ్లంటిరి గద. మరి ఇయ్యాల్ల గా కోతి సచ్చిపోయింది. మనకు మైల ఉంటదా?"

అంత మంచి ప్రశ్నకు అక్కడికక్కడే 'లేదు, కూర్చో' అంటే ఏం పోయేది? ఆయన అలా అనడే. "మంచి ప్రశ్న. నాకు తెల్వది. సోమవారం చెప్త," అన్నాడు. పెన్ను మూత తీసిన చప్పుడు కూడా నేను విన్నాను.

ఆ పిల్ల ఇంటికి పోయి వాళ్ల బాపమ్మకు, అంటే నాయనమ్మకు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కోతులు మన పాలోళ్లట, మైల సంగతి సారు సోమవారం చెప్తనన్నడు. బాపమ్మ సోమవారం దాకా ఆగే మనిషా! ఆమె ఆచారం ముందు ఊరి పూజారి అయ్యగారే భయపడతాడు. పైగా తన చేతులతో కడిగిన కోతి. అప్పటికప్పుడు దేవుని గూట్లో దీపం ఆపేసింది. పొయ్యి మీద పోపు బంద్ అంది. పది దినాలు మైల, శుభకార్యం ముచ్చటే లేదు పొమ్మంది.

చిక్కేమిటంటే, బుధవారమే పటేలు కొడుకు నిశ్చితార్థం. కొడుకు దుబాయిలో ఉద్యోగం. నెల రోజుల సెలవు మీద వచ్చాడు, అందులో మిగిలింది ఆరు రోజులు. పది రోజులు మైలంటే నిశ్చితార్థం వచ్చే ఏటికే. పిల్లనిచ్చే వాళ్లు అప్పటిదాకా ఆగుతారో లేదో. ఇంటి తిండి కోసం ఏడాది ఎదురుచూసి వచ్చిన కొడుకు రెండు రోజులుగా పోపు లేని పప్పు తింటున్నాడు. పటేలు తల్లిని బతిమాలాడు, అలిగాడు. "నువ్వు చెప్తె ఇనను. చెప్పినాయన చెప్పాలె," అని ఆమె ఒక్కటే మాట.

సోమవారం పొద్దున ప్రార్థన కాకముందే పటేలు మేడం గదిలో ఉన్నాడు. క్షమాపణ కాగితం రాసివ్వాలి, లేకపోతే జగిత్యాలకు పోయి పై అధికారులకు ఫిర్యాదు ఇస్తానన్నాడు. మేడం భయం వేరు. ఫిర్యాదు పోతే ఈయన్ని ఏ మూల బడికో పంపిస్తారు, తన బడికి బయాలజీ సారే ఉండడు. అందుకని కాగితం రాయించి గొడవ అణిచేద్దామని నన్ను పిలిచింది. బడిలో చేతిరాత బాగుండేది నాదే.

రాశాను. దాచడమెందుకు? 'కోతులకు, మనుషులకు సంబంధమున్నదని పిల్లలకు నేను చెప్పినది పొరపాటు. అటువంటి సంబంధమేదీ లేదు. ఇకమీదట ఆ పాఠం చెప్పనని మనవి.' చివర 'మిక్కిలి చింతిస్తున్నాను' అనే మాట కలిపి, బాగుందని కూడా అనుకున్నాను. ఆయన మేలు కోసమే రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సృష్టి క్లాసులో పోయిన పరువు ఆ పెన్ను వెనక ఎంతో కొంత ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆయన వచ్చి కాగితం చదివాడు. బల్ల మీద పెట్టాడు. సంతకం పెట్టలేదు.

ఇంతలో గుమ్మంలో బాపమ్మ. కట్టె పొడుచుకుంటూ నడిచే వచ్చింది. వెనక కోడలు, ఆ వెనక ఇంకెవరో. లోపలికి రమ్మని మేడం కుర్చీ జరిపితే, "నన్ను ముట్టకుండ్రి బిడ్డా, మైలల ఉన్న," అని గడప అవతల నేల మీదే కూర్చుంది.

తల్లిని చూడగానే పటేలు మెత్తబడ్డాడు. సారు చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, కాయితం గూడ వద్దు తియ్. మా అవ్వకు ఒక్క మాట చెప్పు. గట్ల నువ్వు అననే లేదని చెప్పు. పోరి ఏదో తప్పు విని ఇంట్ల వాగిందని చెప్పు. ఇద్దరం బతికిపోతం."

నాకు ప్రాణం లేచివచ్చింది. మేడం ముఖం విచ్చుకుంది. ఎంత సులువైన దారి! "చెప్పుండ్రి సార్, చెప్పుండ్రి. ఒక్క మాటనే గద," అని నేను కూడా వెనక నుంచి పొడిచాను.

ఆయన గుమ్మం దగ్గరికి పోయి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. ఆయన జన్మలో మెల్లగా మాట్లాడటం నేను విన్నది అప్పుడే. "లేదమ్మా. నేనే చెప్పిన. పిల్ల సక్కగనే విన్నది. అది చెప్పిందాంట్ల ఒక్క అక్షరం తప్పు లేదు."

పటేలు కుర్చీలో కూలబడ్డాడు. అయిపోయింది, ఈయన ఉద్యోగం ఏ అడవిలో తేలుతుందో అనుకున్నాను నేను. మేడం రక్తపోటు మాత్ర కోసం సంచి వెతకసాగింది.

బాపమ్మ మాత్రం కళ్లు చికిలించి ఆయన్నే చూస్తోంది. "అయితె పాలోళ్లే అంటవు."

"పాలోళ్లే అమ్మా."

"ఎంత దగ్గర పాలోళ్లు? అయ్యగారిని అడిగిన పొద్దుగాల. ఏడు తరాల లోపట అయితె పది దినాలు పట్టాలట. ఏడు తరాలు దాటితె తలకు నీళ్లు పోస్కుంటె సరిపాయెనట. ఇప్పుడు చెప్పు, గా కోతి మనకు ఏడు తరాల లోపటనా, అవతలనా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "అవతల అమ్మా! చాన అవతల!" అన్నాడు. గొంతు మళ్లీ మగ్గాల గొంతయింది. "ఇట్ల చూడు. ఈడ నువ్వు కూసున్నవు. నీ పక్కన నీ అవ్వను నిలవెట్టు. ఆమె పక్కన ఆమె అవ్వను, ఆమె పక్కన ఆమె అవ్వను. గిట్ల బారుగ నిలవెట్టుకుంట పోతె, గా వరుస కోరుట్ల దాటి, జగిత్యాల దాటి, ధర్మపురి కాడ గోదారి దాటి పోతనే ఉంటది. ఢిల్లీ దాక పోతె గని కోతికి, మనకు కలిసే అవ్వ దొరకది."

"ఢిల్లీ దాకనా!" అంది బాపమ్మ. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత బోసినోటితో ఒకటే నవ్వు. "ఓర్నీ! గంత దూరపోళ్లకు మైలేందిరా? నేను పప్పుల పోపు లేక రెండు దినాల సంది పానం తీస్కుంటి!" కట్టె ఆనించి లేచింది. "కోడలా, ఇంటికి పోంగనే తలకు పోస్కుందాం. పోపు ఎయ్యి. బుధారం పూలు పండ్లు పెట్టుకుందాం." పోతూ పోతూ బల్ల వంక చూసి, "గా కాయితమేందిరా కొడుకా?" అని అడిగింది.

పటేలు చప్పున దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏం లేదవ్వా, బెంచీల ముచ్చట," అన్నాడు. సారు చెప్పింది పొరపాటని తేలితే ఢిల్లీ దాకా పోయిన వరుస కూడా పొరపాటే అవుతుందని, పది రోజుల మైల మళ్లీ ఇంటికి వస్తుందని ఆయనకు తెలిసిపోయింది. నిశ్చితార్థం ఘనంగా జరిగింది. మమ్మల్నందరినీ పిలిచాడు. సారుకు దగ్గరుండి రెండోసారి బగార అన్నం వడ్డించాడు గానీ, ముఖం మాత్రం నాలుగు రోజులు ముడుచుకునే ఉంది.

ఆ సోమవారం సాయంత్రం ఇంటికి పోతుంటే నాకు ఉండబట్టలేదు. "సార్, ఆ ముసలామె ఏడు తరాల మాట ఎత్తకపోతె ఏమయ్యేటోళ్లు మీరు? పిల్ల తప్పు విన్నదంటె మీ ఆస్తి ఏమన్న పోతుండెనా?" అని దులిపేశాను.

ఆయన స్కూటరు పక్కకు ఆపాడు. ముందు కాగితం సంగతి ఎత్తాడు. "మంచిగ రాసిర్రు సార్. మీ అక్షరాలు చూస్తె సంతకం పెట్టబుద్ధయింది." నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత అడిగాడు. "వాళ్లమ్మ ఎనుక ఆ పిల్ల నిలవడ్డది, చూసిర్రా?"

చూడలేదన్నాను.

"చెంప మీద నాలుగు వేళ్ల అచ్చులు పడ్డయ్ సార్. 'సారు గట్ల చెప్పలే, నువ్వే అబద్ధమాడినవ్' అని, ముసలామె నమ్మాలెనని, ఆమె ముందట్నే నాయిన కొట్టిండు. పొద్దున గేటు కాడ దాని దోస్తు చెప్పింది నాకు." స్కూటరు అద్దం మీది దుమ్ము వేలితో తుడిచాడు. "ఇప్పుడు నేను గూడ 'చెప్పలే' అంటె, గా దెబ్బ న్యాయమైతది."

మళ్లీ స్కూటరు స్టార్ట్ చేశాడు. ఒక్క మాటేగా, చెప్పండి సార్ అని వెనక నుంచి పొడిచింది నేనే. ఆ పొద్దున ఆ పిల్లను రెండోసారి కొట్టబోయిన చెయ్యి నాదే, నా అందమైన చేతిరాతతో సహా.

శనివారం ఆఖరి పీరియడ్ వచ్చింది. పదో తరగతిలోకి పోయాను. సృష్టి కథ మొదలుపెట్టలేదు. పటేలు బిడ్డను లేచి నిలబడమన్నాను. భయపడుతూ లేచింది. క్లాసంతా వినేలా, గోడ అవతల సారుకు కూడా వినబడేలా గట్టిగానే అన్నాను. "బిడ్డా, పోయిన శనివారం నువ్వు ఇంట్ల చెప్పింది నిజమే. నువ్వు అబద్ధమాడలే. మేమే నిన్ను అబద్ధాలదాన్ని చెయ్యబోయినం."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది.

"నాకెర్కే సార్," అని కూర్చుంది.